కోత పండుగల ఇచ్చేసిన అద్దాలు

నాకు కోపం ఎక్కువ. ఇది నేను చెప్పుకునుడు కాదు, మా వాడకట్టంత చెప్తది. కూరగాయలామె తక్కెడ జర వంచినా లొల్లి పెడ్త. బస్సుల దస్తీ ఏసి సీటు ఆపుకున్నోళ్లతోని లొల్లి పెడ్త. హనుమకొండ చౌరస్తా దగ్గర కళ్లద్దాల దుకాన్ల ఇరవై ఏండ్ల సంది పనిచేస్తాన్న, అక్కడ గూడ గిరాకీలతోని లొల్లే. "మా ఆయనకు చేసిన అద్దాలు నేను పెట్టుకుంటె మంచిగనే కనబడ్డయి, నాక్కూడ గవే ఎయ్యిరి" అనుకుంట ఒకామె వస్తది. అమ్మా, చెప్పులే ఒకరియి ఒకరికి సరిపోవు, కండ్లు ఎట్ల సరిపోతయి అంట. సేటు గల్లా కాడికెల్లి మెల్లగ మాట్లాడు అని చెయ్యి ఊపుతడు. ఇంత లొల్లి పెట్టేదాన్ని, పెట్టాల్సిన ఒక్క పొద్దు నోరు మూసుకున్న. గందుకే మా అమ్మ కండ్లు పోయినయి.

దుకాన్ల కండ్లు చూసేది సారు. వారంల మూడు రోజులు వస్తడు, వెనుక చీకటి అర్రల కూసోబెట్టి నంబరు తీస్తడు. ఆ చీటీ నా చేతికి వస్తది. అద్దం కోసి, అంచు అరగదీసి, ఫ్రేముల కూసోబెట్టుడు నా పని. నేను దానికి చదువుకున్నదేం లేదు గని ఇన్నేండ్లల్ల చెవుల పడ్డది మస్తున్నది. దూరంది కనబడనోళ్లకు మైనస్, దగ్గరిది కనబడనోళ్లకు ప్లస్. నలభై దాటినంక అందరికి చత్వారం వస్తది. పేపరు దూరం జరుపుకుంట చదువుతరు, చేతులు చాలకపోతె మా దుకానుకు వస్తరు.

అమ్మది ప్లస్. మొదలు ఒకటిన్నర, తర్వాత రెండు, ఆఖరుకు రెండున్నర. మూడు జతలు నేనే చేసిచ్చిన. అమ్మకు అద్దాలంటె తిండి కంటె ఎక్కువ, ఎందుకంటె ఆమె బతుకే చదువుడు. చర్చి తరఫున వాడలు తిరిగి, చదువు రాని ఆడోళ్లకు బైబిల్ చదివి వినిపించే పని ముప్పై ఏండ్లు చేసింది. అందరు బైబిలమ్మ అంటరు. రఘునాథపల్లి దిక్కు చిన్న ఊర్ల పుట్టింది, చిన్నప్పుడు బడికి పంపలె, పెండ్లయి నేను పుట్టినంక చర్చిల పొద్దుమూకి చెప్పే చదువుల కూసొని అక్షరాలు నేర్చుకున్నది. అందుకనే చదివేటప్పుడు ఒక్కొక్క మాటను చేతుల పట్టుకొని చూసినట్టు చదివేది. ఆదివారం ఆరాధనల వాక్యం చదివేది ఎప్పుడూ అమ్మే. పని మానేసినంక గూడ ఆ ఒక్కటి మానలె.

నాయిన పోయిన రెండేండ్లకు ఈ ముచ్చట జరిగింది. ఆ రెండేండ్లు అమ్మ నవ్వుడు నేను చూడలె. తినమంటె తిన్నది, పండుమంటె పన్నది. అద్దాలు ఎక్కడ పెట్టిందో మరిచిపోయేది. బియ్యం డబ్బాల దొరికేటియి, కుట్టు మిషన్ కింద దొరికేటియి. ఆ వారమే నేను బాగ తిట్టిన. "నీకు మెడకు తాడేసి కడ్త, ఇంకోసారి పోగొడితె చెయ్యనే చెయ్య" అన్న. 

మూడో నాడో నాలుగో నాడో, పొద్దుగాల నేను చాయ్ తీసుకొని బయటికొస్తె అమ్మ గడప మీద కూసొని పాటల పుస్తకం చదువుతాంది. చిన్న అక్షరాల పాత పుస్తకం. మొకం మీద అద్దాలు లేవు.

"అద్దాలేవే?" అన్న.

"లేవు బిడ్డా. పెట్టుకోలె." ఇటు తిరిగింది. నవ్వుతాంది, కండ్లల్ల నీళ్లు. "వారం సంది జర జర కనబడుతాంది. నీతోని చెప్పలె, మళ్ల పోతదేమో అని. ఇయ్యాల సూడు, ఈ పేజి కింద సన్నటి అంకెలు గూడ కనబడుతున్నయి. దేవుడు నా కండ్లు ముట్టిండు."

నాకు సంతోషమైంది. అబద్ధం చెప్ప, మొదలు సంతోషమే అయింది. అరనిమిషం గూడ ఉన్నదో లేదో, సారు మాట యాదికొచ్చింది. దుకాన్ల ఒక ముసలాయన గిట్లనే సంబురంగ వచ్చి, నాకు అద్దాల పీడ పోయింది సారూ అని మిఠాయి పంచిండు. ఆయన పోయినంక సారు నాతోని అన్నడు. "పెద్దోళ్లకు ఒక్కసారిగ దగ్గరిది అద్దాలు లేకుంట కనబడుతె సంబురపడొద్దమ్మా. మోతిబిందు, అదే కంట్ల శుక్లం, వస్తాంది అన్నట్టు. కంట్ల ఉండే అద్దం గట్టిపడి దాని పవర్ పెరుగుతది. ప్లస్ అద్దం చేసే పని అదే చేస్తది. కొన్ని నెలలు. దగ్గరిది వస్తది గని దూరంది పోతది. తర్వాత రెండూ పోతయి."

చాయ్ గ్లాసు కింద పెట్టిన. రోడ్డవతల కిరాణం దుకాను బోర్డు ఉన్నది, ఇంత ఇంత అక్షరాలు. అమ్మ ఎప్పుడూ అక్కడికెల్లే చదివేది, దూరందానికి ఆమెకు అద్దాలే అక్కరలేకుండె.

"అమ్మా, ఆ బోర్డు మీద ఏం రాసున్నదో చదువు."

అమ్మ అటు చూసింది. కండ్లు చిన్నగ చేసింది. మళ్ల నా దిక్కు చూసింది, జరసేపు నా మొకమే చూసింది. "పొద్దుగాల మంచుల ఏం కనబడతది?" అన్నది.

మంచు లేదు. ఎండ ఫెళ్లుమని కొడ్తాంది.

నాకు తెలిసిపోయింది. చెప్పాల్నని నోటి దాక వచ్చింది. అమ్మ మళ్ల పుస్తకం దిక్కు తిరిగి, వేలు పెట్టి చదువుకుంట నవ్వుతాంది. నాయిన పోయినంక మొదటి నవ్వు. నిన్న మొన్ననే అద్దాల గురించి ఆమెను కుక్కను తిట్టినట్టు తిట్టిన, ఇయ్యాల ఆ అద్దాలు అక్కరలేదని నవ్వుతాంటె మళ్ల నేనే పోయి గది దేవుడు కాదే, రోగమే అని ఎట్ల చెప్పాలె? ఇంకోటి గూడ ఉన్నది, అదే నన్ను ముంచింది. మోతిబిందే గదా అనుకున్న. మోతిబిందుకు తొందర లేదు, ఎప్పుడైనా తీయొచ్చు, అరగంట పని, ఎల్లుండికి ఇంట్ల ఉంటరు. దుకాన్ల వెయ్యిసార్లు విన్న మాట. కొన్ని నెలలు సంబురపడనీ, తర్వాత నేనే తీసుకపోత అనుకున్న. సగం తెలివి అంత పాడుది ఇంకోటి లేదు. ఏం తెల్వకపోతె సారు దగ్గరికి తీసుకపోయి చూపిచ్చేదాన్ని.

ఆ నెలనే కోత పండుగ వచ్చింది. మా చర్చిల కోత పండుగంటె ఎవరి పంట వాళ్లు తెచ్చి పీఠం ముంగట పెడ్తరు. వడ్ల గొలుసులు, గుమ్మడికాయలు, పత్తి, కోళ్లు. పంట లేనోళ్లు చేతనైంది తెస్తరు, ఒకామె అప్పాలు, ఒకాయన చీపురు కట్టలు. ఆరాధన అయినంక అన్నీ వేలం పాడ్తరు. అమ్మ ఎప్పుడూ ఒక గుమ్మడికాయ కొనుక్కపోయి పెట్టేది. ఆ పొద్దు సంచిల ఏమున్నదో నాకు చూపియ్యలె.

దేవుడు తమకు చేసిన మేలు గురించి అందరి ముంగట సాక్ష్యాలు చెప్పేటప్పుడు అమ్మ లేచింది. అమ్మ ముంగటికి పోయి, సంచిలకెల్లి అద్దాల డబ్బా తీసి, గుమ్మడికాయలకు వడ్లకు నడిమిట్ల పెట్టింది. "ఇవి నా బిడ్డ నాకు చేసిచ్చిన అద్దాలు" అన్నది. "ప్రభువు నాకు చూపిచ్చిండు. ఇగ ఇవి అక్కరలేదు, ఆయనకే ఇస్తాన్న." తర్వాత బైబిల్ తెరిచి, అద్దాలు లేకుంట ఒక అధ్యాయం అంత చదివింది. చర్చంత స్తోత్రం స్తోత్రం అన్నది. నా పక్కన కూసున్నామె ఏడ్చింది. నన్ను మోచేతితోని పొడిచి "మొకం గట్ల పెట్టుకున్నవేందే, సంతోషపడు" అన్నది.

వేలంల అన్నీ పోయినయి గని అద్దాలను ఎవరు పాడలె. ఇంకొకరి నంబరు ఎవరికి కావాలె? చేతిల పట్టుకొని పాస్టరయ్య నవ్విండు. "ఇవి ఈ పుల్పిట్ బల్ల మీదనే ఉంటయి. వాక్యం చదవబోయేటప్పుడు అద్దాలు మరిచిపోయి వచ్చినోళ్లు వాడుకోవచ్చు" అన్నడు. అందరు నవ్విండ్రు. అమ్మ గూడ నవ్వింది. ఆ డబ్బా ఆడనే ఉండిపోయింది.

అప్పటి సంది మా ఇంటికి జనం వచ్చుడు మొదలైంది. కంటి బాధ ఉన్నోళ్లు, కంట్ల పొర ఉన్నోళ్లు, అమ్మతోని ప్రార్థన చేపిచ్చుకునేటందుకు. తొర్రూరు నుంచి గూడ ఒకామె వచ్చింది. అమ్మ చేతులు ఆమె కండ్ల మీద పెట్టి ప్రార్థన చేస్తాంటె, నేను లోపట వంటింట్ల నిలబడి పండ్లు కొరుక్కున్న. వాళ్లల్ల ఎంతమందిని దవాఖానకు పోకుంట మేము ఆపినమో ఆ దేవునికే తెలియాలె. ప్రతి నెల అనుకునేదాన్ని, ఈ నెల చెప్త అని. ప్రతి నెల ఇంకింత కష్టమయ్యేది.

దూరం చూపు మెల్లగ పోయింది. బస్సు వస్తె ఏ ఊరిదో పక్కోళ్లను అడుగుడు మొదలుపెట్టింది. పుల్పిట్ మీద పాస్టరయ్యనో ఇంకో అయ్యనో గొంతు వినే దాక తెల్వకపోయేది. నేను అన్నీ చూసిన, మోతిబిందే గదా అనుకున్న. కానీ ఇంకోటి గూడ అయితాంటె నేను చూడలె. బల్ల అంచు మీది నీళ్ల గ్లాసుకు చెయ్యి తగిలిచ్చి పడగొట్టేది. తలుపు రెక్క భుజానికి తాకేది. పక్కకెల్లి స్కూటరు వస్తె ఉలికిపడేది. పక్క చూపు పోతాంది అన్నట్టు. కంట్ల ప్రెషర్ పెరిగి, నరం ఎండుకుంట వస్తాంది. నొప్పి లేదు, ఎరుపు లేదు, సప్పుడు లేదు. గ్లాసు పగిలినప్పుడల్ల నేనేమన్ననో తెలుసా? "కండ్లు నెత్తికెక్కినయా" అన్న. ఎన్నిసార్లన్ననో లెక్క లేదు. అమ్మ కూసొని పెంకులు ఏరుతాంటె, చేతులతోని తడుముకుంట ఏరుతాంటె, ఆమె మీద నిలబడి అన్న.

రెండేండ్లకు దగ్గరిది గూడ పోయింది. ఒక ఆదివారం పాస్టరయ్య చెప్పిన అధ్యాయం కాకుంట అమ్మ వేరేది చెప్పింది. నాకు తెలుసు, అది ఆమెకు నోటికొచ్చు. పుస్తకం చేతిల ఉన్నది, పేజీ తిప్పాల్సిన కాడ తిప్పలె. తర్వాత వారం గొంతు బాగలేదని ఒక పిల్లతోని చదివిచ్చింది. తర్వాత వారం గూడ.

ఇంటికొచ్చినంక చెప్పిన. "దవాఖానకు పోదాం అమ్మా. మోతిబిందు. ఆపరేషన్ చేపిచ్చుకుంటె మంచిగైతది."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"సాక్ష్యం చెప్పిన బిడ్డా. పీఠం ముంగట పెట్టిన. ఇప్పుడు నల్లద్దాలు పెట్టుకొని దవాఖానలకెల్లి వస్తె, ఆయన చేసింది అబద్ధమైతది. నా మాట విని ఎంతమంది నమ్మిండ్రు. వాళ్లకు మొకం ఎట్ల చూపియ్యాలె?"

లొల్లి పెట్టిన. తలకాయ గోడకు కొట్టుకున్న. ఏ లొల్లైతె ఆ పొద్దు పెట్టాల్నో, రెండేండ్ల తర్వాత పెట్టిన. అమ్మ కదలలె. ఇంకో ఆరు నెలలు గట్లనే పోయినయి. ఆఖరుకు పాస్టరయ్య దగ్గరికి పోయి కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. ఆయన మంచోడు, ఆ పొద్దే ఇంటికొచ్చిండు. "అమ్మా, డాక్టర్లను గూడ ఆయనే ఇచ్చిండు. పోయి చూపిచ్చుకోండి, దాంతోని మీ సాక్ష్యం తక్కువ కాదు" అన్నడు. ఆ మాటకు అమ్మ లేచింది. నేను చీర ఇస్తె కట్టుకున్నది.

కండ్ల దవాఖానల చుక్కలేసి గంటసేపు కూసోబెట్టిండ్రు. నాకు ధైర్యంగనే ఉన్నది. పక్కన ఆపరేషన్ అయినోళ్లు నల్లద్దాలు పెట్టుకొని నవ్వుకుంట పోతాండ్రు. అమ్మకు చెప్పిన, ఎల్లుండికి నువ్వు గూడ గిట్లనే. అమ్మ నా చెయ్యి పట్టుకున్నది. "మళ్ల చదువుకోవచ్చా?" అనడిగింది. "చదువుకోవచ్చు. నీకు బంగారం అంచు ఫ్రేము చేసిస్త" అన్న.

డాక్టరమ్మ చిన్న వయసుది. చానసేపు చూసింది, కంటి ప్రెషర్ రెండుసార్లు చూసింది. తర్వాత నన్ను బయటికి పిలిచింది. మోతిబిందు ఉన్నది, ముదిరింది, అది తీస్తం. కానీ వెనుక నరం ఎండిపోయింది. అది ప్రెషర్‌తోని, చాన రోజుల సంది అయితాంది. అద్దం మార్చొచ్చు గని నరం మార్చలేం అన్నది.

"రెండేండ్ల కింద తీసుకొస్తె?"

నన్ను చూసింది. చెప్పాల్నా వద్దా అనుకున్నది. "అప్పుడు నరం చూస్తె తెలిసేది. చుక్కలు వేసుకుంటె అప్పుడున్న చూపు ఉండేది" అన్నది.

అయినా ఒక కంటికి ఆపరేషన్ చేసిండ్రు. పట్టీ తీసిన పొద్దు అమ్మ కిటికీ దిక్కు మొకం తిప్పింది. "తెల్లగ ఉన్నది" అన్నది. ఇంకేమన్న కనబడుతాందా అమ్మా అంటె, నా గొంతు ఎటున్నదో అటు తిరిగి "నువ్వు కనబడుతలెవ్వు" అన్నది. గంతే. ఆ తెల్లది గూడ ఆర్నెల్లకు పోయింది.

అది జరిగి రెండేండ్లయింది. ఇగ చుక్కలు లేవు, మళ్ల రమ్మనుడు లేదు, ఎదురు చూసేటందుకు ఏం లేదు. నేను పొద్దంత జనానికి చూపు అమ్ముత. మాపటికి ఇంటికి పోయి అమ్మకు అన్నం పళ్లెంల కూర ఎటు దిక్కున్నదో చెప్త. ప్రార్థనల అమ్మ ఒకటే అడిగేది, నేనేం తప్పు చేసిన్నని ఇచ్చింది మళ్ల తీసుకున్నవ్ అని. గోడవతల పండుకొని రోజూ విన్న. తప్పు ఆమెది కాదని, ఇచ్చింది ఇచ్చుడే కాదని చెప్తె, ఆ ఒక్క సంబురం గూడ పోతది. చెప్పకపోతె, చేయని తప్పు కోసం వెతుక్కుంట ఉంటది. చెప్పినా ఆమెకు నష్టమే, చెప్పకున్నా నష్టమే. నాకు చేతకాలె.

మొన్న ఆదివారం వాక్యం చదివే పిల్ల రాలె. పాస్టరయ్య నన్ను లేవమన్నడు. నాకు నలభై ఆరు. చత్వారం వచ్చి ఏడాదైంది, దుకాన్ల ప్లస్ పెట్టుకుంట, ఆ పొద్దు మరిచిపోయి పోయిన, తొవ్వల అమ్మతోని గూడ అన్న. పుల్పిట్ మీద బైబిల్ తెరిస్తె అక్షరాలన్నీ చీమలు పాకినట్టున్నయి. పక్కన డబ్బా ఉన్నది. తీసి పెట్టుకున్న. రెండున్నర, నాకు జర ఎక్కువే, పుస్తకం దగ్గరికి గుంజుకోవాల్సి వచ్చింది. ఎడమ దిక్కు, ముక్కు మీద ఆనే గుండి కింద, చేసేటప్పుడు నేను అరగదీసిన గీత అట్లనే ఉన్నది. చదివిన. ముందు వరుసల అమ్మ తలకాయ వంచి వింటాంది. ఏం చదివిన్నో ఇప్పుడడిగితె నాకు యాది లేదు.

ఆరాధన అయినంక చర్చి ముంగట అరుగు మీద కూసున్నం, ఆటో కోసం. అమ్మ అడిగింది. "అద్దాలు మరిచిపోయినంటివి గదా, ఎట్ల చదివినవ్?"

"పుల్పిట్ మీదియి పెట్టుకున్న."

"నాయి." మొకంల చిన్న వెలుగు వచ్చింది. "మంచిగ కనబడ్డయా?"

ఆ ప్రశ్నతోని నాకు ఆగలె. ఏడ్చుకుంట మొత్తం చెప్పిన. ఆ పొద్దు గడప కాడనే నాకు తెలిసిందని, సారు ముందే చెప్పిండని, అది దేవుడు చేసింది కాదు, మోతిబిందు చేసిందని. ఆమె తప్పేం లేదని, తప్పు నాదని. చుట్టుపక్కల జనం ఉన్నరని గూడ చూడలె.

అమ్మ చీర కొంగు వేళ్లకు చుట్టుకుంట, ఇప్పుకుంట కూసున్నది. తిడ్తదనుకున్న. తిట్టినా మంచిగుండేది.

"నాక్కూడ ఆ పొద్దే అనుమానమొచ్చింది" అన్నది. "నువ్వు బోర్డు చదువుమన్నవ్ సూడు, అప్పుడు. ఎన్నడూ కనబడే బోర్డు కనబడలె. భయమైంది. నీ మొకం దిక్కు చూసిన. నువ్వు అద్దాల దుకాన్ల ఉంటివి, నీకు తెల్వకుంటదా, ఏదన్న ఉంటె ఇల్లు పీకి పందిరేసేటట్టు లొల్లి పెట్టేదానివి. కూర్ల ఉప్పు తక్కువైతె గూడ ఊకోవు. ఆ పొద్దు నువ్వు సప్పుడు చేయలె." నా చెయ్యి వెతికి పట్టుకున్నది. "నువ్వు ఊకున్నవని, నిజంగనే అయిందనుకున్న బిడ్డా."

ఆటో వచ్చింది. అమ్మను లేపి, మెట్టు ఎక్కడున్నదో చెప్పి ఎక్కిచ్చిన.